నాలుగో మెట్టు మెత్తదనం

నవంబరు 2. ఏడో దిబ్బ, నీటి గది

తొమ్మిదో దిబ్బలో జరిగినదానికి ముందు ఏమేం జరిగిందో, ఎవరు ఏం నిర్ణయించారో వరసగా రాసిమ్మని తల్లిదండ్రుల కమిటీ నన్ను అడిగింది. పిల్లల పలకల్లో ఏ యాప్ ఉండాలో తేల్చిన కమిటీ అది. ఆగస్టు దాకా దానికి పెద్దని నేనే. అడగడం న్యాయమే.

నా పేరు చోడిపల్లి దానయ్య. ఆరు నుంచి పది వరకూ, సముద్రం మీద తేలే మా అయిదు దిబ్బల్లో ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే యంత్రాలకి పెద్ద మెకానిక్‌ని. యంత్రం రీడింగులు రాసే పుస్తకంలోనే, పేజీలో చోటు మిగిలితే, ఇంటి సంగతులు కూడా రాసుకోవడం నాకు అలవాటు. అందులోంచే తేదీల వారీగా ఎత్తి రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పుడు తోచినవి కూడా కలుపుతున్నాను. అప్పుడు రాసుకున్న ఏ మాటా దాచలేదు, నాకు సిగ్గు తెచ్చేవి కూడా.

మే 19

రీడింగులు మామూలే. రెండో పంపు సీలు మార్చాను. నాచు పెంచే తాళ్ళు లాగి అందరూ పైకి వచ్చాక బడి గదిలో సమావేశం పెట్టాం.

పదేళ్ళు దాటిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ సొంత పలక ఇమ్మని ఒడ్డు నుంచి ఆర్డరు వచ్చింది. అయిదు దిబ్బల్లో కలిపి అలాంటివాళ్ళు ముప్ఫై ఒక్కరు. ఒక దిబ్బకీ ఇంకో దిబ్బకీ మధ్య పడవ మీద గంట ప్రయాణం. పదిరోజులకోసారి బడి పడవ పిల్లలందరినీ ఆరో దిబ్బకి చేరుస్తుంది, మిగతా రోజులు ఎవరి తెర ముందు వాళ్ళే. వాళ్ళు మాట్లాడుకోవాలంటే పలకే దారి. ఆ పలకలో ఏ యాప్ పెట్టాలో మేం తేల్చాలి. ఒడ్డువాళ్ళు మూడు పేర్లు పంపారు.

మొదటిది గూడు. తల్లిదండ్రులు ఒప్పుకున్నవాళ్ళతోనే పిల్లలు మాట్లాడగలరు. రాసింది రాసినట్టే పోతుంది. రెండోది కావలి. అదీ అంతే, కాకపోతే ప్రతి సందేశం నకలు ఇంట్లో పెద్దలకి కూడా వస్తుంది. మూడోది చలువ. అందులో బయటివాళ్ళు చొరబడలేరు, పైగా పిల్లల మనసు కలతపెట్టే మాట ఏది వచ్చినా దాన్ని మెత్తగా మార్చి అందిస్తుంది. ఎంత మెత్తగా అన్నది మనమే పెట్టుకోవచ్చు. ఒకటి నుంచి అయిదు మెట్లు.

గూడు చాలంది నా భార్య పోలేశ్వరి. "మాట మార్చీసినాక అది ఎవుల మాటవుద్ది?" అని అడిగింది.

నేను నిరుటి తుఫాను కబురు ఎత్తాను. అప్పుడు బడి తెర మీది పిల్లల గుంపులో ఎవరో పదో దిబ్బ తిరగబడిపోయిందని రాశారు, బొమ్మ కూడా పెట్టారు. అబద్ధపు బొమ్మ. మా తీర్థకి అప్పుడు పదేళ్ళు. మూడు నెలలు దిబ్బ అంచు దగ్గరకి రాలేదు, ఒంటరిగా పడుకోలేదు, పక్క తడిపేది. అలాంటి పిల్లలున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నేను చెబుతుంటే ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

చలువకి పంతొమ్మిది చేతులు లేచాయి, గూడుకి ఆరు. మెట్టు సంగతి వచ్చినప్పుడు, "అయిదు మరీ ఎక్కువ, నాలుగు పెడదాం" అన్నాను. మధ్యేమార్గం చూపించిన పెద్దమనిషిలా అందరూ తలూపారు.

షరతుల కాగితం ఆ రోజే చదివాను. చదవలేదని ఎవరూ అనుకోవద్దు. 'భయం కలిగించే విషయాన్ని వయసుకు తగిన రీతిలో మార్చి అందిస్తాం. మార్చిన సంగతి పంపినవారికీ అందుకున్నవారికీ తెలియనివ్వం' అని అందులో స్పష్టంగా ఉంది. చదివి, ఎంత జాగ్రత్తగా ఆలోచించారో అనుకున్నాను.

జూన్ 2

తీర్థ చేతికి పలక వచ్చింది. మొదటి సందేశం ముత్యాలుకే.

ముత్యాలుది తొమ్మిదో దిబ్బ. ఇద్దరికీ పదకొండేళ్ళు. బడి పడవలో పక్కపక్కన కూర్చుని, దిగాక కూడా చేతులు వదలరు. ముత్యాలు తండ్రి ఒడ్డున పడవలు కట్టే చోట పని చేస్తాడు, మూడు నాలుగు నెలలకోసారి వస్తాడు. తల్లి కొండమ్మ నాచు ఆరబెట్టే షెడ్డులో పని. రెండున్నరేళ్ళ తమ్ముడు గవిరేసు. కొండమ్మ అన్న గంగులు తొమ్మిదో దిబ్బ నీటి యంత్రం చూస్తాడు. నా కింద పని నేర్చుకున్నవాడే.

ముత్యాలు తిరిగి రాసింది: "ఒలే తీర్థా! మా గవిరిగాడు నా పలక నాకీసినాడు. తియ్యగుందంట!"

తీర్థ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

జూన్ 24

నాలుగు రోజులుగా ఈదురుగాలి. తాళ్ళు తెగకుండా అందరం కాపలా. ఎనిమిదో దిబ్బలో షెడ్డు కప్పు లేచిపోయింది, ఒకతనికి చెయ్యి విరిగింది. అక్కడి పిల్లలు రాసింది తీర్థ పలకలో ఇలా వచ్చింది: "ఇక్కడ గాలి హుషారుగా ఉంది. మేమంతా లోపల ఆడుకుంటున్నాం."

తీర్థ తన మంచం మీద తనే పడుకుంది. పుస్తకంలో ఇలా రాసుకున్నాను: "చలువ పని చేస్తోంది. పోలి కూడా ఒప్పుకుంటుందిక."

ఆవిడ ఒప్పుకోలేదు. "సెయ్యి ఇరిగినోడి సంగతి తెలిస్తే పిల్ల ఓ పలకరింపైనా రాసీది కదా" అంది. ఆ మాట పుస్తకంలో రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

జూలై 30

తీర్థ నీటి గదికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. "నాన్నా, ముత్యాలు ఈ మధ్య టీచరమ్మలాగ రాస్తంది" అంది.

చూపించింది. 'ఈ రోజు మా ఇంటి నీళ్ళ రుచి కొత్తగా ఉంది. నువ్వు ఎలా ఉన్నావు?' అని ఉంది. మన యాసలో ఒక్క అక్షరం లేదు. నాకు ముచ్చటేసింది.

"సదువు ఒంటబట్టింది. నువ్వూ అలా రాయడం నేర్చుకో" అన్నాను.

"మరి నీళ్ళ రుచి ఏటి కొత్తగా ఉంటాది?"

"వానలు పడితే సముద్రంలో ఉప్పు మారుద్ది. ఒక్కో దిబ్బకి ఒక్కో రుచి. అదేటి కాదు."

అయినా నా తెర మీద తొమ్మిదో దిబ్బ మీటరు తెరిచి చూశాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి. మీటరు ఉండేది ట్యాంకుకి ముందు. ట్యాంకులో ఏం జరుగుతున్నా దానికి తెలియదు. ఈ సంగతి అయిదు దిబ్బల్లో అందరికన్నా బాగా తెలిసినవాణ్ణి నేను. తెర మూసేసి పంపుకి గ్రీజు పెట్టుకున్నాను.

ఆగస్టు 8

మా గిడ్డంగిలో పిల్లి ఈనింది. నాలుగు పిల్లలు. తీర్థ వాటి ఫొటోలు తీసి ముత్యాలుకి పంపింది. ఒకటి రెండు కాదు, పదకొండు.

జవాబు రాత్రికి వచ్చింది: 'నీ పిల్లికూనలు బాగున్నాయి. నాకు కొంచెం తీరిక లేదు. తమ్ముడు విశ్రాంతి తీసుకుంటున్నాడు.'

తీర్థ ముఖం చిన్నబోయింది. పిల్లి పిల్లలంటే ముత్యాలుకి ప్రాణం.

ఆగస్టు 13

బడి పడవ తొమ్మిదో దిబ్బకి వెళ్ళి ఖాళీగా వచ్చింది. రేడియోలో గంగులుని అడిగాను.

"అలలు ఎక్కువున్నాయి అన్నా. పిల్లల్ని పంపడానికి అమ్మలు భయపడతన్నారు" అన్నాడు.

"యంత్రం ఎలాగుంది?"

"మీటరు సూస్తన్నావు కదా. ఏ ఇబ్బందీ నేదు."

ఆ రోజు అలలు మా దగ్గర మోకాలెత్తు లేవు. తొమ్మిదో దిబ్బ బయటి వైపు ఉంటుంది, అక్కడ ఎక్కువుంటాయేమో అనుకున్నాను. అనుకోవడానికి ఒక కారణం దొరికితే మనిషి అక్కడితో ఆగిపోతాడు. నేను ఆగిపోయాను.

ఆగస్టు 22

మూడు రోజులుగా ముత్యాలు నుంచి ఏమీ రాలేదు. తీర్థ అన్నం సగం వదిలేసింది.

"నాతో మాట్లాడ్డం మానీసింది" అంది. "నానేటి సేసినాను?"

పోలేశ్వరి నా వైపు చూసి, "ఓసారి ఎల్లి సూసి రారాదా?" అంది.

పదో దిబ్బలో పంపు విప్పి పెట్టి ఉంది. అది అయ్యాక వెళ్తానన్నాను. తీర్థతో, "స్నేహాలు అలాగే ఉంటాయమ్మా. పదో దిబ్బలో పిల్లలున్నారు, వాళ్ళకి రాయి" అన్నాను.

ఆగస్టు 24

పొద్దున్నే రేడియోలో కబురు. తొమ్మిదో దిబ్బకి ఆసుపత్రి పడవ పిలిపించారు. పిల్లలు పడిపోతున్నారట. నా పెట్టె తీసుకుని బయల్దేరాను.

వెళ్ళగానే కొళాయి తిప్పి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. మింగలేదు. మింగనక్కర్లేదు. యంత్రంలో ఉప్పు వడకట్టే పొరలు కడిగే మందు నాలుకని మొద్దుబార్చే తీరు నాకు తెలుసు. ట్యాంకు దగ్గర వాల్వు చీలి ఉంది. పొరలు కడిగిన ప్రతిసారీ ఆ మందు కొద్దికొద్దిగా తాగేనీళ్ళలోకి దిగుతోంది. చీలిక చుట్టూ రబ్బరు ముక్క చుట్టి, తీగతో కట్టి ఉంది. అంటే ఎవరో చూశారు. చూసి, కట్టి, ఊరుకున్నారు.

ట్యాంకు మూసేశాను. మా దిబ్బ నుంచి పీపాల్లో నీళ్ళు తెప్పించాను. ఈ పని మొత్తానికి నాకు పట్టింది గంటంపావు.

రేవు దగ్గర ఆసుపత్రి పడవలోకి పిల్లల్ని ఎక్కిస్తున్నారు. పదకొండు మంది. అందరికన్నా చిన్నవాడు గవిరేసు. ముఖం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. కొండమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాడు ఒంటికి పోసి రెండు రోజులైందట.

ముత్యాలు నా ఎదుటికి వచ్చి నిలబడింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఇప్పుడొచ్చినావా బాబాయ్?" అంది.

"ఇప్పుడే తెలిసిందమ్మా."

"ఇప్పుడేటి? నాను తీర్థకి రోజూ రాసినాను."

పలక తీసి నా ముఖం ముందు పెట్టింది. ఆమె పంపినవి అందులో పంపినట్టే ఉన్నాయి. రెండు చదివాను. 'ఒలే, మా నీళ్ళు సేదుగున్నాయే. గొంతు మండిపోతంది.' 'తమ్ముడు కక్కుతున్నాడు. నాకు భయమేస్తంది తీర్థా.' రెండో దాని కింద, మా ఇంటి నుంచి వెళ్ళిన పిల్లి పిల్లల ఫొటోలు, పదకొండూ.

ఇంకా చదవబోతుంటే పడవ కూత వేసింది. కొండమ్మ పిలిస్తే ముత్యాలు వెళ్ళి ఎక్కింది.

గవిరేసు ఒడ్డు చేరకముందే పోయాడు. మిగతా పదిమందీ బతికారు.

ఆగస్టు 27

చలువవాళ్ళ మనిషితో తెర మీద మాట్లాడాను. మర్యాదస్తుడు. దేనికీ అడ్డం చెప్పలేదు. 'నీళ్ళు చేదుగా ఉన్నాయి, తమ్ముడికి వాంతులు' అన్నది నాలుగో మెట్టు దగ్గర కలతపెట్టే సమాచారం కిందకి వస్తుందట. రెండో మెట్టు దాకా అయితే ఉన్నదున్నట్టే పోయేదట. చివరి రోజుల్లోవి మెత్తగా మార్చడానికీ వీల్లేక అసలు అందించలేదట.

"మరి ప్రమాదమైతే పెద్దవాళ్ళకి చెబుతామని షరతుల్లో రాశారు కదా" అన్నాను.

"చెప్పామండీ. మూడుసార్లు హెచ్చరిక పంపాం. రాసిన పాప తరఫున నమోదైన పెద్దకి."

ఆ పెద్ద గంగులు. తండ్రి ఒడ్డున ఉంటాడు, కొండమ్మకి పలక లేదు, అందుకని మేనమామ పేరు రాయించారు. మూడుసార్లూ 'చూశాను' అన్న గుర్తు నొక్కాడు.

గంగులు దగ్గరికి నేనే వెళ్ళాను. యంత్రం గది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది.

"వాల్వు సీలింది జూలైలోనే సూసినాను" అన్నాడు. "సామాను కోసం ఒడ్డుకి రాసినాను. వొచ్చీదాకా ఆగుతాదనుకున్నాను. పిల్ల రాసిన కబుర్లు నాకొచ్చినాయి. పిల్ల కదా, లేనిపోనివి రాస్తంది అనుకున్నాను. అలా అనుకోవాలనుకున్నాను."

"నాతో ఒక్క మాట సెప్పుంటే?"

తలెత్తి చూశాడు. "పోయినేడు ఇదే వాల్వు సరిగ్గా బిగించనేదని, అందరి ముందూ నన్నేటన్నావో గుర్తుందా అన్నా?"

గుర్తుంది. చేతకాకపోతే వలలు కుట్టుకోమన్నాను. పోయింది వాడి మేనల్లుడే. ఎవరు ఎవర్ని ఏమంటారు? ఆ మెట్ల మీద వాడి పక్కనే కాసేపు కూర్చున్నాను.

సెప్టెంబరు 1

తీర్థకి చెప్పాను. గవిరేసు పోయిన సంగతి అంతకుముందే తెలుసు. చెప్పనిది మిగతాది.

పోలేశ్వరి తను చెబుతానంది. వద్దన్నాను. నేనే చెప్పాలి. అంచు దగ్గర, తాళ్ళు ఆరబెట్టిన చోట కూర్చోబెట్టి చెప్పాను. ముత్యాలు రాసింది వేరు, నీకు వచ్చింది వేరు. మధ్యలో యాప్ మార్చింది. ఆ యాప్ ఎంచింది నేను. మెట్టు పెట్టింది కూడా నేను.

తీర్థ తాడు పోగులు పీకుతూ ఉంది.

"నాను పంపినవి కూడా మార్చీసిందా?"

"లేదమ్మా. నువ్వు రాసినవన్నీ మంచి మాటలే. అవి రాసినట్టే పోయినాయి."

"అయితే దాని తమ్ముడు కక్కుతుంటే నాను పిల్లి పిల్లల్ని పంపినాను."

"నీకు తెలీదు కదమ్మా."

"దానికి తెలీదు కదా నాకు తెలీదని!"

ఇంత గట్టిగా తీర్థ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. తర్వాత గొంతు దించి అడిగింది: "నాకు భయమేస్తాదని ఇలా సేసినావా?"

"అవునమ్మా."

"భయమేస్తే నీకు సెప్పీదాన్ని కదా నాన్నా."

తీర్థ లేచి ఇంట్లోకి వెళ్ళి పలక తెచ్చింది. నా పనిముట్ల బల్ల మీద, స్పానర్ల పక్కన పెట్టి వెళ్ళిపోయింది. తనకి వద్దని నోటితో చెప్పలేదు.

సమావేశంలో తను అడిగిన ప్రశ్నని పోలేశ్వరి అప్పటి నుంచి ఇప్పటిదాకా నాకు గుర్తు చెయ్యలేదు. ఒకసారి అనేస్తే బాగుండునని నేనే అనుకుంటాను.

సెప్టెంబరు 19

కొండమ్మ ఒడ్డు నుంచి తిరిగొచ్చింది. ముత్యాలు కూడా. పలకరించడానికి వెళ్ళాను. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆమె షెడ్డులో నాచు తిరగేస్తోంది, పని ఆపలేదు. నేను చెప్పినదంతా విన్నది.

"నువ్వు యాపు ఎంచినావన్నా. బాగు. నాను నీళ్ళు పట్టినాను" అంది. "సేదని నాకూ తెలుసు. మా అన్న ఏటీ నేదంటే నమ్మినాను. ఆడు తాగనని మూతి తిప్పుకుంటే ముక్కు మూసి పట్టినాను. దగ్గరుండి పట్టినాను."

ఆమె పక్కన కూర్చుని నేనూ నాచు తిరగేయబోయాను.

"ఎల్లిపో అన్నా. నీ మీద కోపం కాదు. నీ మొహం సూస్తే నా మొహం గుర్తొస్తంది."

బయట ముత్యాలు నీళ్ళ పీపా మీద కూర్చుని ఉంది. పలకరిస్తే తల తిప్పుకుంది. తీర్థ పంపిన ఉత్తరం ఒకటి, కాగితం మీద రాసింది, నా జేబులో ఉంది. ఆమె పక్కన పెట్టాను. తీసుకుందో లేదో చూడకుండా వచ్చేశాను.

అక్టోబరు 6

కమిటీ మళ్ళీ కూర్చుంది. పెద్దరికం ఆగస్టులోనే వదిలేశాను కాబట్టి పక్కన కూర్చున్నాను. మూడు యాపుల్నీ మళ్ళీ చూశారు. కావలి పెడదామని ఎక్కువమంది మొగ్గారు, పిల్లలు రాసిందంతా పెద్దలు చూస్తే ఇలాంటిది జరగదని.

మాట్లాడే హక్కు నాకు లేదు, అయినా లేచాను. "గంగులు సూసినాడు. మూడుసార్లు సూసినాడు. సూడ్డం కాదు, మన పిల్లలు సెప్పింది నమ్మాలి" అన్నాను.

చివరికి గూడు ఖాయమైంది. పిల్లలు ఎవరికి ఏం రాస్తే అదే అందుతుంది. ఎవరికైనా భయం వేస్తే వెళ్ళి చెప్పుకోవడానికి ప్రతి దిబ్బలో ఒక పెద్ద మనిషి పేరు పలకలోనే ఉండాలన్నారు. ఆ మనిషిని పిల్లలే ఎంచుకోవాలంది పోలేశ్వరి. మా దిబ్బ పిల్లలు ఆమెనే ఎంచుకున్నారు.

నా పేరు ఎవరూ రాయలేదు. తీర్థ ఎవరి పేరు రాసిందో నేను అడగలేదు.

నవంబరు 2, మిగతాది

ఇప్పుడు వారానికోసారి అయిదు దిబ్బలూ తిరుగుతున్నాను. మీటరు చూడను. ప్రతి ఇంటి కొళాయి తిప్పి రుచి చూస్తాను. తర్వాత పిల్లల్ని అడుగుతాను, నీళ్ళు ఎలా ఉన్నాయని. ఎలా చెబితే అలా రాసుకుంటాను. ఆరో దిబ్బలో ఒక పిల్లాడు నీళ్ళు నీలంగా ఉన్నాయన్నాడు. అదీ రాసుకుని, పైపులన్నీ విప్పి చూసి వచ్చాను. ఏమీ లేదు. ఫరవాలేదు.

ఈ కాగితం కమిటీకి ఇక్కడితో ఇచ్చేయొచ్చు. నిర్ణయం ఎవరిదని అడిగారు. నాది. మంచి ఉద్దేశంతో చేశానని రాయాలనిపించింది, రాస్తే నిజమే. ఆ నిజం కొండమ్మకి దేనికి పనికొస్తుందో తెలియక ఆగిపోయాను.

నవంబరు 16

కాగితం ఇచ్చేశాక జరిగింది. అయినా పుస్తకంలో రాసి పెట్టుకుంటున్నాను.

ఈ రోజు తొమ్మిదో దిబ్బకి రుచి చూడ్డానికి బయల్దేరుతుంటే తీర్థ వచ్చి పడవ ఎక్కింది. "నానూ వస్తాను" అంది. ఉత్తరానికి జవాబు వచ్చిందా అని అడిగాను. రెండు ముక్కల్లో వచ్చిందట. 'పడవుంటే రా.'

సముద్రం చదునుగా ఉంది.

ముత్యాలు రేవులోనే ఉంది. సన్నబడింది. తీర్థ దిగి, ఆమెకి నాలుగడుగుల దూరంలో నిలబడిపోయింది. ఎప్పుడూ పరుగెత్తి చేతులు పట్టుకునే పిల్లలు. నేను పడవ కట్టే తాడు పట్టుకుని, చూడనట్టు పని చేసుకుంటున్నాను.

"ఉత్తరం సదివినాను" అంది ముత్యాలు.

"ఊఁ."

"యాపు మార్చీసిందని రాసినావు. నమ్మినాను. అయినా నా కడుపులో మంట పోనేదు." పావడా జేబులోంచి పలక తీసింది. "నాను పంపినవన్నీ ఇందులో ఉన్నాయి. ఇరవై ఆరు. నానే సదువుతాను. నువ్వు ఇను. అప్పుడు అందుంటే ఏటి రాసీదానివో అది సెప్పు."

తీర్థ తలూపింది. ఇద్దరూ రేవు చెక్కల మీద ఎదురెదురుగా కూర్చున్నారు.

"'ఒలే, మా నీళ్ళు సేదుగున్నాయే. గొంతు మండిపోతంది.'"

తీర్థ ఆలోచించింది. "ఎంత సేదు? కాకరకాయంతా?"

"అంతకన్నా." ముత్యాలు వేలితో తెర జరిపింది. "'తమ్ముడు కక్కుతున్నాడు. నాకు భయమేస్తంది తీర్థా.'"

"నాక్కూడా భయమేస్తంది. మీ అమ్మ వాము నీళ్ళు పట్టిందా? తగ్గిందేటి?"

"నేదు."

ఇలా ఒక్కొక్కటే. కొన్నింటికి తీర్థ వెంటనే చెప్పింది, కొన్నింటికి చాలాసేపు పట్టింది. ఒకచోట ముత్యాలు చదవడం ఆపి పలక ఒళ్ళో బోర్లించింది. తీర్థ తొందరపెట్టలేదు.

"'నీ పిల్లి పిల్లలు నాకొద్దు. నువ్వు నా మాట ఇనట్నేదు. నువ్వు నాకు నేస్తానివి కాదు.'"

తీర్థ చెక్కల వైపు చూస్తూ, "నాను కూడా ఏడిసీదాన్ని" అంది. "ఏడిసి, మళ్ళీ రాసీదాన్ని. ఏటైందే, సెప్పు అని రాసీదాన్ని."

ముత్యాలు ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత ఇంకోటి తీసింది.

"'తమ్ముడి మొహం ఉబ్బిపోనాది. ఎవులికీ సెప్పొద్దని మావ అన్నాడు. నీకు సెప్తన్నాను. మీ నాన్నకి సెప్పు. మీ నాన్న వొస్తే నీళ్ళు బాగు సేస్తాడు.'"

ఇది నేను చదవని సందేశం. ఆ రోజు పడవ కూత వేసినప్పుడు ఇంకా కింద ఉండిపోయింది. తాడు నా చేతిలోంచి జారి నీళ్ళలో పడింది, తీసుకోలేదు.

తీర్థ లేచింది. రేవు చెక్కల మీద నడిచి నా దగ్గరికి వచ్చింది. తన పలక నా బల్ల మీద పెట్టేసిన రోజు తర్వాత నా కళ్ళలోకి సూటిగా చూసింది ఇప్పుడే.

"నాన్నా" అంది. "తొమ్మిదో దిబ్బలో నీళ్ళు సేదుగున్నాయంట. ముత్యాలు తమ్ముడి మొహం ఉబ్బిపోనాదంట. నువ్వు బేగి రావాలంట."

"వస్తన్నానమ్మా" అన్నాను. "ఇప్పుడే వస్తన్నాను."

తీర్థ వెనక్కి వెళ్ళి తన చోట కూర్చుంది. "సెప్పినాను" అంది. "ఇప్పుడే వస్తన్నాడంట."

ముత్యాలు తలూపింది. అరచేత్తో ముక్కు తుడుచుకుని తర్వాతిది చదవడం మొదలుపెట్టింది. ఇంకా తొమ్మిదున్నాయి.